దొమ్మి - ఒక ఆట, రెండు లూటీలు

2005 వేసవి సెలవులలో హిందూపురంలోని బంధువుల ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటి పిల్లవాడు, పన్నెండేళ్ళవాడు, "తాతా, నీకొకటి చూపిస్తా రా" అని చెయ్యి పట్టుకొని లాక్కుపోయాడు. అప్పటికి నాకు నలభైయైదేళ్ళు కూడా నిండలేదు. వరుసకు తాతను కాబట్టి తాతనే. సందులో ఒక చిన్న గది, ద్వారానికి నల్లని తెర, లోపల వరుసగా నాలుగు టీవీలు. గంటకు పది రూపాయలు పుచ్చుకొని పిల్లలచేత ప్లేస్టేషన్ ఆడించే దుకాణమది. వయసెంతని ఎవ్వరూ అడగలేదు.

పిల్లవాడు ఎంచుకున్న ఆట మొదలైంది. పెద్ద అంగడివీధి. వందలకొద్దీ జనం గుంపులు గుంపులుగా అటూ ఇటూ పరుగెత్తుతున్నారు. కొందరి చేతులలో అంగళ్ళలోంచి ఎత్తుకొచ్చిన సామాను. అద్దాలు పగులుతున్నాయి, కార్లు తగలబడుతున్నాయి. ఆ మధ్యలో మా పిల్లవాడి మనిషి ఒకడు కనబడినదాన్నల్లా పగులగొడుతూ పోతున్నాడు. పగిలిన ప్రతి అద్దానికీ తెర మూలలో అంకె పెరుగుతోంది. గడియారం తరుగుతోంది. పిల్లవాడు కేరింతలు కొడుతున్నాడు. నాకు మాత్రం నోట మాట రాలేదు. ఆ ఏడాది జనవరిలో మా జిల్లాలో జరిగినది అప్పటికింకా కళ్ళముందే ఉంది.

ఆ ఆట పేరు 'స్టేట్ ఆఫ్ ఎమర్జెన్సీ' అని తరువాత తెలిసింది. మన తరంవారికి ఎమర్జెన్సీ అనగానే 1975 జూన్ 25 రాత్రి గుర్తుకు వస్తుంది గాని ఆటలు గుర్తుకు రావు. దీనిని తయారుచేసినవారు స్కాట్లండులోని విస్ ఎంటర్‌టెయిన్‌మెంట్ అనే సంస్థవారు, ప్రచురించినవారు రాక్‌స్టార్ గేమ్స్ వారు. 2002 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 2 మీద వెలువడి, మరుసటేడు ఇతర యంత్రాల మీదికీ, కంప్యూటర్ల మీదికీ వచ్చింది. అట్టమీద 'ఎం' అనే అక్షరముంటుంది; పదిహేడేళ్ళు నిండినవారికే తగినదని దాని అర్థం. ఈ అక్షరముద్రలకూ ఒక పూర్వకథ ఉంది. 1976లో 'డెత్ రేస్' అనే ఆటలో బొమ్మమనుషులను కారుతో తొక్కించడం మీద అమెరికాలో మొదటిసారి పెద్ద గొడవ జరిగింది. 1993 డిసెంబరులో 'మోర్టల్ కాంబాట్' వంటి ఆటల మీద అక్కడి సెనేట్ విచారణ జరిపింది. ఆ వేడి తట్టుకోలేక పరిశ్రమవారు తమంతట తామే 1994లో వయసును బట్టి ముద్రలు వేసే మండలిని పెట్టుకున్నారు. ఆ ముద్ర సముద్రాలు దాటి హిందూపురం సందుకు చేరేసరికి డిస్కు మీద అట్టే లేదు, ఇక ముద్ర ఎక్కడిది!

ఈ ఆటకు మూలకందం ఒక నిజమైన అల్లరి. 1999 నవంబరు 30న అమెరికాలోని సియాటిల్ నగరంలో ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశం జరుగవలసి ఉండగా వేలాదిమంది వీధులకు అడ్డం పడ్డారు. అత్యధికులు శాంతంగానే ఊరేగారు. కొద్దిమంది అంగళ్ళ అద్దాలు పగులగొట్టారు. బాష్పవాయువు, రబ్బరు గుండ్లు, కర్ఫ్యూ. నగర మేయరు అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. ఆటలోని దుష్టసంస్థకు మొదట 'అమెరికన్ ట్రేడ్ ఆర్గనైజేషన్' అని పేరు పెట్టారు. సియాటిల్ వైపు నుండి ఆక్షేపణలు రావడంతో ఆట బయటికి వచ్చేసరికి అది ఒట్టి 'కార్పొరేషన్' అయింది. పేరు తీసేస్తే తగువు తీరిపోతుందని వ్యాపారులకు బాగా తెలుసు.

ఆటలో రెండు మార్గాలున్నాయి. ఒకటి విప్లవం: చెప్పిన పనులు ఒకదాని తరువాత ఒకటి చేసుకుంటూ కార్పొరేషన్‌ను కూలదోయాలి. మరొకటి పేరుకు తగినట్టే అల్లకల్లోలం: గడువులోపల ఎంత పగులగొడితే అంత లెక్క. మామూలు పౌరులకు హాని చేస్తే మాత్రం లెక్కలో కోత పడుతుంది. ఈ సూక్ష్మధర్మం చూసి నేను ఆశ్చర్యపోయాను. వీధిని తగలబెట్టవచ్చునట, వీధిలోని మనిషిని మాత్రం తాకరాదట! నిజమైన వీధిలో ఆ రెంటినీ ఎవరు విడదీయగలరు?

ఆడేవాడు ఎంచుకోవడానికి అయిదు పాత్రలున్నాయి. ఒకడు పూర్వపు పోలీసు, ఒకామె న్యాయవాది, ఇంకా ముగ్గురు. అయిదుగురికీ పేర్లున్నాయి, ముఖాలున్నాయి, వెనుకటి కథలున్నాయి. చుట్టూ ఉన్న వందలమందికి ఏమీ లేదు. వాళ్ళు పరుగెత్తుతారు, అరుస్తారు, పడిపోతారు, మళ్ళీ మరొకరు పుట్టుకొస్తారు. పేరున్నవాడు ఆడతాడు, పేరులేనివాళ్ళు రంగస్థలం మీద తెరల వంటివారు. నన్ను ఇరవైయేళ్ళుగా వదలకుండా పట్టుకున్నది ఈ ఒక్క విషయమే. ఇదేదో ఆట తయారుచేసినవారి దోషమని మొదట అనుకున్నాను. తరువాత మన చరిత్రగ్రంథాలు తిరగేస్తే అక్కడా ఇదే ఏర్పాటు కనబడింది.

తెలుగు పండితుణ్ణి కాబట్టి ముందు మాటల సంగతి చూశాను. న్యాయస్థానాల తెలుగులో అల్లరిమూకల నేరానికి వాడే మాట 'దొమ్మీ'. పాత కావ్యభాషలో దొమ్మి అంటే వరుసా క్రమమూ లేకుండా అందరూ కలబడి పోరే మూకపోరు. 'మూక' అనే మాట కూడా కావ్యాలలో సేనకు చెల్లుతుంది. రాజుగారి సేన మూకే, వీధిలోని గుంపూ మూకే. కొల్లగొట్టడానికి 'సూఱగొను' అనే అందమైన మాట ఉండేది, ఇప్పుడు ఎవరూ వాడరు. 'లూటీ' హిందీ నుండి మనకు వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ 'లూట్' కూడా మన దేశం నుండి తీసుకుపోయినదే. వాళ్ళు ఇక్కడినుండి ఎత్తుకుపోయిన వస్తువులలో ఆ మాట కూడా ఒకటి.

లూటీ మాట వచ్చింది కనుక పెనుకొండకు పోదాం. హిందూపురంలో ధర్మవరం వైపు పోయే ప్యాసింజరు ఎక్కితే దారిలో ఎడంగా నిలబడే ఆ కొండను చూడకుండా ఎవరూ ఉండలేరు. దాని ప్రాభవానికి ఒక పెద్ద లూటీ కారణం. 1565 జనవరిలో కృష్ణకు దక్షిణాన, మనం తళ్ళికోట యుద్ధమని చదువుకున్న ఆ పోరులో, అళియ రామరాయలు పట్టుబడి తల కోల్పోయాడు. తమ్ముడు తిరుమలరాయలు విజయనగరానికి పరుగున వచ్చి, ఖజానాను ఏనుగులకెత్తించి, పేరుకు రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకొని పెనుకొండకు తరలిపోయాడు. రాబర్ట్ స్యూయెల్ తన 1900 నాటి గ్రంథంలో ఆ ఏనుగుల సంఖ్య 550 అని రాశాడు. లెక్క సరియో కాదో గాని, ఏనుగులను ఎవరో లెక్కపెట్టారన్న మాట గమనించండి.

వెనుక మిగిలిన నగరానికి గోడలున్నాయి గాని కాపలా లేదు. గెలిచిన సైన్యాలు రాకముందే చుట్టుపక్కలవాళ్ళు పడి దోచుకున్నారట. ఒక్కరోజులో ఆరు దఫాలుగా వచ్చిపడ్డారని పోర్చుగీసు చరిత్రకారుడు కూటో చెప్పినట్టు స్యూయెల్ ఎత్తిచూపాడు. ఆ తరువాత సైన్యాలు వచ్చి నెలల తరబడి తవ్విపోశాయి. కూటమి సేనలో సామాన్య సైనికుడు సైతం బంగారంతో, రత్నాలతో, గుడారాలతో, గుర్రాలతో ధనవంతుడయ్యాడని ఫిరిస్తా రాశాడు. సామాన్య సైనికుడు ధనవంతుడయ్యాడు సరే, అతని పేరేమిటి? మొదటిరోజు వచ్చిపడిన గుంపులను గురించి రాసేటప్పుడు కొన్ని సంచార జాతుల పేర్లు చెప్పి ఊరుకున్నారు. మనిషికి పేరు లేకపోతే కులానికి తగిలించడం అప్పటినుండీ ఉన్న అలవాటే. నాలుగువందలేళ్ళు దాటినా ఆ జాతుల పిల్లలు పాఠ్యపుస్తకాలలో ఆ మచ్చను చదువుకుంటున్నారు. ఆనాడు మూటలు మోసుకుపోయినవాళ్ళలో నగరవాసులే ఎందరుండేవారో ఏ గ్రంథమూ చెప్పదు.

రెండేళ్ళ తరువాత, 1567లో, వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ ఆ దారిన వచ్చి ఏడు నెలలు అక్కడ ఉన్నాడు. ఇళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయనీ, అవి ఖాళీగా ఉన్నాయనీ, వాటిలో పులులూ అడవిమృగాలూ మసలుతున్నాయనీ రాశాడు. రాజుగారి కొలువు ఎనిమిది రోజుల ప్రయాణదూరంలోని పెనుకొండకు మారిందని కూడా అతడే చెప్పాడు. ఇళ్ళు నిలిచే ఉన్నాయన్న మాట ముఖ్యం. నగరమంతా నేలమట్టమైందని చిన్నప్పుడు మనకు చెప్పారు. హంపి శిథిలాలను దగ్గరగా పరిశీలించిన ఈ కాలపు పండితులు విధ్వంసం అంతటా ఒకేలా లేదని అంటున్నారు. విరూపాక్షుని గుడిలో ఇప్పటికీ దీపం వెలుగుతూనే ఉంది.

నేను పెనుకొండలో గగనమహలు మెట్లమీద కూర్చొని చాలాసార్లు ఆ ఏనుగుల వరుసను ఊహించుకున్నాను. రామరాజభూషణుని వసుచరిత్ర ఈ తిరుమలరాయలకే అంకితం. అందులోని శ్లేష వైభవాన్ని ఏళ్ళ తరబడి పిల్లలకు నోరారా చెప్పాను. ఆ ఏనుగులు వెళ్ళిపోయాక కాపలా లేని నగరంలో తలుపులు వేసుకొని కూర్చున్న జనం సంగతి ఒక్క తరగతిలోనూ చెప్పలేదు. సిలబస్సులో లేదు అనుకోవచ్చు. నాకు తోచలేదు అన్నదే నిజం.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మనవాళ్ళ పాత ఆటలలో మూక పక్షాన ఆడే వీలున్న ఆట ఒకటుంది. గుడి అరుగుల మీద గళ్ళు గీసి ఆడే పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు. పులికి దూకి తినే శక్తి ఉంది. మేకకు ఏ శక్తీ లేదు. కాని అన్నీ కూడి చుట్టూ కమ్ముకుంటే పులి కదలలేక ఓడిపోతుంది. మేకలపక్షం వహించినవాడు ప్రతి మేకనూ చూసుకోవాలి, ఒక్కటి పోయినా చెయ్యి తడుముకోవాలి. మా పిల్లవాడి ఆటలో ఎందరు పడిపోయినా అట్లా తడుముకొనేవారెవరూ లేరు.

చరిత్రకారుడు చేయని పని చట్టం చేస్తుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 141వ సెక్షను చట్టవిరుద్ధ సమావేశానికి కనీసం అయిదుగురుండాలని చెప్పింది. ఆటలోని పాత్రలూ అయిదే కావడం కాకతాళీయం. 146, 147 సెక్షన్లు దొమ్మీకి అర్థం చెప్పి, రెండేళ్ళదాకా శిక్ష పెట్టాయి. 149 మరీ కఠినం: ఉమ్మడి ఉద్దేశంతో గుంపులో ఒకడు చేసిన నేరానికి ఆ గుంపులోని ప్రతివాడూ బాధ్యుడే. 2024 జులై 1 నుండి వచ్చిన కొత్త న్యాయసంహితలో సెక్షన్ల అంకెలు మారాయి గాని ఈ సూత్రం మారలేదు. నేను ఊరికే నిలబడ్డాను అంటే చట్టం సులువుగా ఒప్పుకోదు. 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో మూక ఠాణాను తగలబెట్టి ఇరవైమందికి పైగా పోలీసులను బలిగొన్నప్పుడు, సెషన్సు కోర్టు 172 మందికి, ఒక్కొక్కరికీ పేరుపేరునా, ఉరిశిక్ష వేసింది. హైకోర్టుకు వెళ్ళాక 19 మందికి అది ఖాయమైంది. మూకకు పేర్లు పెట్టడంలోనూ ఎంత ఘోరం జరుగవచ్చునో దీనివల్ల తెలుస్తుంది.

జార్జ్ రూడే అనే చరిత్రకారుడు ఈ కాగితాలనే మరో పనికి వాడుకున్నాడు. ఫ్రెంచి విప్లవకాలపు గుంపులలో ఉన్నదెవరని పోలీసు దస్తరాలు తవ్వి 1959లో ఒక పుస్తకం రాశాడు. దేశదిమ్మరులూ నేరస్థులూ అని అందరూ అనుకున్నచోట ఆయనకు దొరికినవాళ్ళు చిన్న అంగళ్ళవాళ్ళు, వడ్రంగులు, తాళాలు చేసేవాళ్ళు, కూలివాళ్ళు. ఇళ్ళూ వృత్తులూ ఉన్న మనుషులు. మా బడిలో సాంఘికశాస్త్రం చెప్పిన మిత్రుడొకరు నాకీ సంగతి చెప్పినప్పుడు, నాకు ధర్మవరం మగ్గాల వీధులు కళ్ళకు కట్టాయి.

ఇక 2005 జనవరి 24. అది సోమవారం. పెనుకొండ శాసనసభ్యుడు, మాజీ మంత్రి పరిటాల రవీంద్రను అనంతపురంలో పార్టీ కార్యాలయం ఆవరణలోనే కాల్చి చంపారు. ఆ హత్య వెనుకటి కథలూ ముందటి కథలూ లోకమంతా ఎరిగినవే. దాని మీద 2010లో రక్తచరిత్ర అని సినిమాలు కూడా వచ్చాయి. అంతకు ముందునుండే మా సీమ పేరు చెప్పి సుమోలు గాలిలోకి ఎగిరే సినిమాలు రాష్ట్రమంతా ఆడాయి. వాటిలోనూ పేరున్నది ఇద్దరు నాయకులకే. వెనుక కత్తులు పట్టుకొని పరుగెత్తేవాళ్ళకు లేదు.

ఆ సాయంత్రం నుండి జిల్లాలోనూ రాష్ట్రంలోనూ బస్సులు తగలబడ్డాయి. అంగళ్ళు మూతబడ్డాయి. మా బడిలో గణతంత్రదినోత్సవానికి పిల్లలచేత పాటలు సాధన చేయిస్తున్నాము. మరునాడు బడే లేదు. రెండు రోజుల తరువాత నేను నడిచి వెళ్తుంటే ధర్మవరం దారిలో ఒక ఆర్టీసీ బస్సు అస్థిపంజరం కనబడింది. సీట్లు కాలిపోయి కమ్మీలు మిగిలాయి. కింద గాజుముక్కలు రోడ్డంతా పంచదార పోసినట్టున్నాయి. కాలితో పక్కకు నెట్టుకుంటూ నడిచాను. పత్రికలలో 'అల్లరిమూకలు' అని రాశారు. నేను కూడా ఇంట్లో అట్లాగే చెప్పాను.

పోయిన నెలలో నా పూర్వవిద్యార్థి ఒకడు చెల్లెలి కూతురి పెళ్ళిపత్రిక ఇవ్వడానికి ఇంటికి వచ్చాడు. పెనుకొండ దగ్గర ఒక కర్మాగారంలో పనిచేస్తున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి. మాటల మధ్య తన కొడుకు ఫోనులో ఎప్పుడూ కాల్చుకొనే ఆటలే ఆడుతున్నాడని వాపోయాడు. నేను హిందూపురం దుకాణం సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. కొంతసేపు పత్రిక అంచును వేలితో రుద్దుతూ కూర్చొని అన్నాడు:

"ఆ బస్సు కాడ నేనూ ఉంటి సార్."

అప్పుడు వాడు తొమ్మిదో తరగతి. ఎందుకు వెళ్ళావురా అని అడిగాను.

"ఏం లేదు సార్. అందరూ రాళ్ళేస్తాండిరి, నేనూ ఏస్తి. లోపల మనుషుల్ని అంతకుముందే దించేసినారు. నిప్పు పెట్టేది నేను కాదు. కానీ దాంట్లోంచి ఒక సంచి తీసుకుంటి."

ఇంటికి పోయి విప్పితే అందులో ఒక చీర, ఒక తువ్వాలు, స్టీలు టిఫిను క్యారియరు ఉన్నాయట. క్యారియరులో ఇంకా రాగిసంగటి ముద్ద ఉందట. వాళ్ళమ్మ వాణ్ణి చీపురుతో కొట్టి, చీర తువ్వాలు బావిగట్టున వదిలి వచ్చింది. క్యారియరును మాత్రం పారేయలేకపోయింది. దాని మీద పేరు చెక్కి ఉంది. పేరున్న పాత్రను పారేస్తే పాపమని ఆమె నమ్మకం. వంటింట్లోకి రానీయలేదు, పారేయనూ లేదు. అటక మీద పెట్టింది. ఇన్నేళ్ళూ అక్కడే ఉంది. ఆమె పోయి రెండేళ్ళయింది. మొన్న ఇల్లు సున్నం వేయిస్తుంటే కిందికి దించారట.

"ఏమని చెక్కి ఉంది?" అని అడిగాను.

చెప్పాడు. మన ఊళ్ళలో పాత్రల మీద చెక్కించే తీరునే, ఒక స్త్రీ పేరు, ఆమె ఊరు, పెళ్ళి తేదీ. ఊరు పెనుకొండకు ఆరేడు మైళ్ళ దూరంలోనిదే. తేదీ ప్రకారం ఆ జనవరికి ఆమె పెళ్ళయి ఎనిమిది నెలలు.

తన పేరు ఎక్కడా రాయవద్దని అడిగాడు. రాయలేదు. ఆమె పేరు రాయడానికి ఆమెను అడగాలి. వచ్చే ఆదివారం ఉదయం ప్యాసింజరులో ఇద్దరం బయలుదేరుతున్నాము. క్యారియరు తోమించి తెమ్మన్నాను. అట్లాగే తెస్తాను గాని ముందు మీరే మాట్లాడాలి సార్, అన్నాడు.